రెండు అరల అంగడి: తెలుగు పుస్తక విక్రేత చదువూ బతుకూ

తెలుగు సాహిత్య చరిత్రల్లో కవులకు, పరిష్కర్తలకు, పత్రికాధిపతులకు దక్కిన చోటు పుస్తకం అమ్మినవాడికి దక్కలేదు. అచ్చయిన వెయ్యి ప్రతులు అచ్చుకూటం గడప దాటి ఊరూరా పాఠకుల చేతికి ఏ దారిన చేరాయన్న సంగతిని చరిత్రకారులు తరచుగా ఒక్క వాక్యంతో దాటవేశారు. 19వ శతాబ్ది నడిమి నాటి చెన్నపట్నం మొదలుకొని 20వ శతాబ్ది చివరి విజయవాడ దాకా ఈ వృత్తి తీరును పరిశీలిస్తే, అందులో పేరు నిలుపుకున్నవారిలో పలువురు మొదట పాఠకులు, ఆ తరువాతే వ్యాపారులు అని తెలుస్తుంది; అయితే వారు ఇష్టపడి చదివిన పుస్తకమూ, వారింట పొయ్యి వెలిగించిన పుస్తకమూ ఒకటి కావడం అరుదు. పంచాంగం, వ్రతకల్పం, పెద్ద బాలశిక్ష, పరీక్షల గైడు వంటివి అంగడిలో ఒక అర నింపితే, కావ్యం, నవల, శాస్త్రగ్రంథం వేరొక అరలో ఉండేవి. మొదటి అర రాబడితో రెండో అరను ఎలా నిలబెట్టుకోవాలన్నదే పుస్తక విక్రేత నిత్య సమస్య. తెలుగు పుస్తక వ్యాపార చరిత్ర చాలావరకు ఆ సమస్యకు ఒక్కొక్కరు వెదుక్కున్న పరిష్కారాల చరిత్రే.

అచ్చు రాకముందు తెలుగునాట పుస్తకం సాధారణంగా అంగడి సరుకు కాదు. తాటాకుల మీద గంటంతో రాసే లేఖకుడు, అంటే ప్రతులు ఎత్తి రాయడమే జీవనంగా గలవాడు, అడిగినవారికి అడిగిన గ్రంథాన్ని కూలికి రాసి ఇచ్చేవాడు. 19వ శతాబ్ది తొలి భాగంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను సొంత ఖర్చుతో పెట్టుకొని కావ్యాలకు ప్రతులు రాయించి, పాఠాలు సరిచూపించినప్పుడు ఆయన డబ్బు చాలావరకు ఈ రాతకూలికే పోయింది. ఆనాడు పుస్తకం వెల అంటే లేఖకుడి శ్రమ వెల. ఒక ప్రతి రాయించినా పది రాయించినా ఒక్కోదానికి ఇంచుమించు అంతే ఖర్చు. అచ్చు ఈ లెక్కను తలకిందులు చేసింది. సీసపు అక్షరాలు కూర్చే ఖర్చంతా మొదటి ప్రతి మీదే పడుతుంది కనుక వందల ప్రతులు వేస్తే తప్ప గిట్టదు, వేసినవి అమ్ముడుపోయేదాకా పెట్టుబడి కాగితం రూపంలో గదిలో మూలుగుతూ ఉంటుంది. కొనేవాడెవరో తెలియకముందే సరుకు తయారుచేసి, ఆపైన అతణ్ణి వెతుక్కుంటూ పోవలసిన అవసరం ఇలా ఏర్పడింది, ఆ అవసరంతో పాటే పుస్తక విక్రేత కూడా.

1835లో ముద్రణ మీది లైసెన్సు నిర్బంధాలు తొలగిన తరువాత చెన్నపట్నంలో దేశీయుల అచ్చుకూటాలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. తెలుగు అచ్చు తెలుగు జిల్లాల్లో కాక ముందుగా అక్కడ పాతుకుపోవడంలో వింత లేదు; ప్రభుత్వ కచేరీలు, కళాశాలలు, అక్షరాలు పోతపోసేవారు, కాగితం దిగే రేవు, జీతానికి దొరికే పండితులు అన్నీ ఆ పట్టణంలోనే ఉన్నాయి. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు 1850లలో అక్కడ ముద్రణాలయం పెట్టి, దాన్ని ఆది సరస్వతీ నిలయం పేరిట విస్తరించి, సంస్కృతాంధ్ర గ్రంథాలను వరుసగా వెలువరించారు. పరిష్కర్త, ముద్రాపకుడు, ప్రకాశకుడు, విక్రేత అనే పనుల మధ్య ఆనాడు గోడలు లేవు. రాతప్రతులు పోల్చి సరైన పాఠాన్ని నిర్ణయించడం, ప్రూఫులు, అంటే అసలు ముద్రణకు ముందు తప్పులు పట్టుకోవడానికి తీసే నమూనా కాగితాలు దిద్దడం, చివరికి పుస్తకాన్ని పొట్లం కట్టి పోస్టుకు పంపడం ఒకే కప్పు కింద జరిగేవి. అందువల్ల అమ్మేవాడు తన సరుకును అక్షరం అక్షరం చదివి ఉండేవాడు. వావిళ్ళవారి ప్రతి అంటే నమ్మదగిన పాఠం అన్న పేరు ఆ సంస్థకు రావడం వెనుక ఉన్నది ఈ చదువే. ఆ పేరే తరువాతి కాలంలో వారి వ్యాపారానికి పెట్టుబడి కూడా అయింది. ప్రబంధాలకు కొనేవారు కొద్దిమంది కాబట్టి, బడిపిల్లల వాచకాలూ స్తోత్రాలూ వ్రతకథలూ ఎడతెగకుండా అచ్చువేసిన తరువాతే కావ్యాల వంతు వచ్చేది.

ఇష్టపడిన పుస్తకం కోసం నష్టానికీ కోర్టుకూ సిద్ధపడిన సందర్భం కూడా ఆ సంస్థ చరిత్రలో ఉంది. తంజావూరు ఆస్థానపు కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా 1910లో వావిళ్ళవారు ప్రచురించారు. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని అశ్లీలమని నిర్ణయించి ప్రతులను స్వాధీనం చేసుకుంది. రామస్వామి శాస్త్రుల కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు ఆ ఆంక్షలకు ఎదురు నిలిచి వాదించారు గాని, టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న కాలందాకా అవి తొలగలేదు. 1952లో సంస్థ ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చువేసింది. నాలుగు దశాబ్దాల పాటు ఒక పుస్తకాన్ని మరవకుండా మనసులో ఉంచుకోవడం వడ్డీ లెక్కలు మాత్రమే తెలిసిన వ్యాపారికి సాధ్యమయ్యే పని కాదు.

చెన్నపట్నంలో అచ్చయిన పుస్తకం శ్రీకాకుళానికో అనంతపురానికో చేరడం వేరే కథ. 1867లో వచ్చిన చట్టం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ప్రకాశకుడి పేరు ఉండాలనీ, ప్రతులను ప్రభుత్వానికి సమర్పించాలనీ ఆదేశించింది. మూడు నెలలకొకసారి వెలువడిన ప్రభుత్వ పట్టికల్లో పుస్తకం వెల, అచ్చువేసిన ప్రతుల సంఖ్య కూడా చేరడంతో ఆనాటి వ్యాపారపు కొలత నేటికీ మిగిలింది. అయితే వ్యాపారాన్ని నిజంగా మార్చినది తపాలా శాఖ. 1877లో మొదలైన వాల్యూ పేయబుల్ పోస్టు, అంటే పోస్టుమ్యాను పార్సెలు చేతికిచ్చి, వెల వసూలు చేసి పంపినవాడికి మనియార్డరుగా చేర్చే ఏర్పాటు, ముందుగా డబ్బు పంపడానికి జంకే పల్లెటూరి పాఠకుడికీ, అరువివ్వడానికి జంకే పట్నపు విక్రేతకూ మధ్య నమ్మకాన్ని నిలబెట్టింది. వి.పి. అనే రెండక్షరాలు తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిన మాటయ్యాయి. 1900 నాటికి కృష్ణ మీదా గోదావరి మీదా రైలు వంతెనలు పూర్తికావడంతో మద్రాసు నుంచి ఉత్తరపు జిల్లాలకు పార్సెళ్లు నేరుగా పోసాగాయి, బెజవాడ కూడలి స్టేషను అయింది. ఇక విక్రేత రచనల్లో ముఖ్యమైనది జాబితా. పుస్తకం పేరు, కర్త, పుటలు, వెల, పోస్టు ఖర్చు వరుసగా ఇచ్చి, ఒకటి రెండు మాటల్లో విషయం చెప్పే ఈ చిన్న పట్టికలను అతడు వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబుతో పాటు పంపేవాడు. చదవని పుస్తకం గురించి ఒక్క మాటలో చెప్పడం కష్టం కాబట్టి, ఎవరి జాబితా ఎంత సూటిగా ఉందో చూస్తే ఏ విక్రేత చదివేవాడో ఏ విక్రేత చదవనివాడో తేలికగా చెప్పవచ్చు.

20వ శతాబ్ది తొలినాళ్లలో రెండో అరకు కొత్త పోషకులు వచ్చారు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో స్థాపించి, 1908లో మద్రాసుకు మార్చిన విజ్ఞాన చంద్రికా మండలి, చరిత్ర, జీవితచరిత్ర, ప్రకృతి శాస్త్రం వంటి విషయాల మీద, అంతకుముందు తెలుగులో కొనేవారే లేరనుకున్న పుస్తకాలను చందాదారుల పద్ధతిలో నడిపింది. చందాదారు అంటే ముందే పేరు నమోదు చేసుకొని, వెలువడిన ప్రతి పుస్తకాన్నీ తగ్గింపు ధరకు తీసుకుంటానని ఒప్పుకున్న పాఠకుడు. అతని పేరు చందాల పట్టీలో ఉన్నంతకాలం ప్రకాశకుడికి ఎన్ని ప్రతులు వేయాలో తెలుసు. గాడిచర్లవారు రాసిన అబ్రహాం లింకను చరిత్ర ఈ వరుసలో మొదటిది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఎంచుకున్న దారి వేరు. బొంబాయిలో అమృతాంజనం అమ్మి గడించిన ధనాన్ని ఆయన పత్రికలకూ, 1926లో బసవపురాణంతో మొదలుపెట్టిన ఆంధ్ర గ్రంథమాలకూ మళ్లించి, పెద్ద గ్రంథాలను కూడా చౌకగా అందించారు. తెలుగువారి తలనొప్పి మందు శివకవుల ద్విపదలకు అచ్చుఖర్చు పెట్టిందన్న మాట. ఇవి గొప్ప పనులే, కాని రెండింటిలోనూ ఒక బలహీనత ఉంది. చందాదారుల ఉత్సాహం గాని, దాత రాబడి గాని తగ్గిన నాడు పుస్తకం ఆగిపోతుంది. అంగడిలో రోజూ కూర్చుని రెండు అరలనూ తూచుకుంటూ నడిపిన సామాన్య విక్రేత పద్ధతి ఇంత ఘనంగా కనబడదు గాని ఎక్కువకాలం నిలిచింది.

నిజాం రాజ్యంలో పరిస్థితి పూర్తిగా వేరు. పాలన, ఉన్నత విద్య ఉర్దూలో సాగినందువల్ల, కోస్తా జిల్లాల విక్రేతను పోషించిన తెలుగు వాచకాల వ్యాపారం అక్కడ చాలా చిన్నది, అంటే మొదటి అర దాదాపు ఖాళీ. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తరువాత పల్లెల్లోనూ పట్టణాల్లోనూ గ్రంథాలయాలు పెరిగాయి గాని, గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తరువు ముందస్తు అనుమతి లేని సభలను అడ్డుకోవడంతో గ్రంథాలయ వార్షికోత్సవం కూడా అధికారుల అనుమానానికి గురయ్యేది. అలాంటి చోట పుస్తకాలను భుజాన మోసుకొని అమ్మిన మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961). నల్గొండ జిల్లా పల్లెలో పుట్టి, చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, ఒక ఉపాధ్యాయుడి ఇంట వంటచేసి పెడుతూ అక్షరాలు నేర్చుకొని, హోటళ్లలో సర్వరుగా పనిచేస్తూ విజయవాడలో దొరికిన పుస్తకమల్లా చదివి, హైదరాబాదు చేరాక గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా కుదిరారు. ప్రూఫ్‌రీడరు ఉద్యోగం పేదవాడికి దొరికిన జీతం ఇచ్చే చదువు. భాష, విషయం, ముద్రణ మూడూ ఒకేచోట పట్టుబడతాయి. 1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. ఆ సంవత్సరమే హైదరాబాదులో కె.సి. గుప్త ఒక్క అణాకు ఒక పుస్తకం చొప్పున అణా గ్రంథమాలను మొదలుపెట్టడం, రూపాయిలో పదహారో వంతుకు పుస్తకం ఇస్తే గాని చదువరి దగ్గరికి చేరదన్న అవగాహన అప్పటికి పలువురిలో ఉందని తెలుపుతుంది.

ఆళ్వారుస్వామి పద్ధతిలో అంగడి లేదు. సంచీలో పుస్తకాలు నింపుకొని ఊరూరూ, ఇల్లిల్లూ తిరిగి, సభల దగ్గర నేల మీద పరచి, పుస్తకంలో ఏముందో నోటితో చెప్పి అమ్మడమే ఆయన వ్యాపారం. కొనగలవాడికి అమ్మడం, కొనలేనివాడికి చదవడానికి ఇవ్వడం అన్న రెండు పనుల మధ్య ఆయన పెద్దగా తేడా పాటించలేదు. లెక్కల పుస్తకం దృష్టితో చూస్తే ఇది వ్యాపారమే కాదు, నిజమే. కాని తెలంగాణ యువ రచయితలను తెలంగాణ పాఠకుల ముందుకు తెచ్చిన దారి అదే. స్వాతంత్ర్య పోరాటంలోనూ, నిజాం వ్యతిరేక పోరాటంలోనూ ఆయన జైలుకు వెళ్లారు, నిజామాబాదు జైలులో కవి దాశరథి కృష్ణమాచార్యతో కలిసి ఉన్నారు. ఆ తరువాత దాశరథి తొలి కావ్యం అగ్నిధార 1949లో వెలువడింది, ఆళ్వారుస్వామికే అంకితమైంది. అప్పటి దాకా ఇతరుల పుస్తకాలు మోసిన ఆయన 1955లో ప్రజల మనిషి నవలతో తానే రచయితగా నిలిచారు. ఆళ్వారుస్వామిని నవలాకారుడిగా గుర్తుపెట్టుకున్న విమర్శకులు ఆయన సంచీని ఒక ముచ్చటగా మాత్రమే ప్రస్తావించడం న్యాయం కాదు. పల్లె పల్లెనా ఏ పుస్తకం ఎవరి చేతికి పోయిందో, ఏది తిరిగి సంచీలోకి వచ్చిందో చూసిన అనుభవం నుంచే ఆ నవలలోని సూటిదనం వచ్చిందని చెప్పడానికి ఆధారం ఆయన వాక్యమే.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు వేరుపడ్డాక తెలుగు పుస్తక వ్యాపారపు బరువు క్రమంగా విజయవాడకు మారింది. అదే ఏడు విశాలాంధ్ర ప్రచురణాలయం వెలసింది. ఏలూరు రోడ్డు, దానికే తరువాత కార్ల్ మార్క్స్ రోడ్డని పేరు, పుస్తకాల అంగళ్లకు నెలవైంది. అక్కడి ఒక మధ్యతరగతి అంగడి దినచర్యను, ఆ వృత్తిలో అందరికీ తెలిసిన పద్ధతులను బట్టి తిరిగి కూర్చవచ్చు. ఉదయం తలుపులు తీసి, లక్ష్మీ సరస్వతుల పటాలకు అగరువత్తి వెలిగించాక మొదటి పని దుమ్ము దులపడం. కృష్ణ ఒడ్డు ఊరు కనుక వానాకాలం చెమ్మ, వేసవిలో చెద, ఏడాది పొడవునా పుస్తకాల పురుగు, వీటికి విరుగుడుగా అరల్లో కలరా ఉండలు, ఎండువేపాకు. పది గంటల టపాలో పల్లెటూరి ఉపాధ్యాయుల కార్డులు, గ్రంథాలయాల ఆర్డర్లు వస్తాయి. సగం గుర్తున్న పేరుతో, ఒక్కోసారి కర్త పేరు తప్పుగా రాసి అడిగిన పుస్తకం ఏదో గుర్తుపట్టడం విక్రేత జ్ఞాపకశక్తికి నిత్యపరీక్ష. అట్టలు, పురికొస, జిగురు, వి.పి. ఫారాలతో మధ్యాహ్నం దాకా బంగీలు కట్టడం సాగుతుంది.

భోజనం వేళ దాటాక ఎండ తీవ్రతకు బజారు పలచబడిన రెండు మూడు గంటలు విక్రేత చదువుకునే సమయం. అయితే అది మామూలు పాఠకుడి చదువు వంటిది కాదు. అమ్మవలసిన ప్రతి కనుక వీపు విరగకుండా, పుట మడత పడకుండా, వేలి మరక అంటకుండా, సగం తెరిచి చదవాలి; ఎవరైనా వచ్చి అదే పుస్తకం అడిగితే ముగింపు తెలియకుండానే ఇచ్చేయాలి. సొంతంగా ప్రచురించేవారికి వేరొక వెసులుబాటు ఉండేది. ఫారం అంటే ఒక పెద్ద కాగితం మీద ఒకసారికి అచ్చయ్యే పుటల సముదాయం, సాధారణంగా 8 లేదా 16. ప్రెస్సు నుంచి రోజుకో ఫారం వంతున వచ్చే విడి కాగితాలను కుట్టుపనికి పంపే ముందు చదవడం వల్ల, ఆ విక్రేత నవలను వారపత్రిక సీరియలు మాదిరిగా ముక్కలు ముక్కలుగా, అందరికన్నా ముందు చదివేవాడు. సాయంత్రం కళాశాల అధ్యాపకులు, విద్యార్థులు, రచయితలు, ఏమీ కొనకుండా గంటలకొద్దీ పేజీలు తిరగేసే స్నేహితులు వచ్చి చేరతారు. ఈ చివరి రకం మనుషులను తరిమివేయని అంగడికే సాహిత్య చరిత్రలో పేరు మిగిలిందన్నది గమనించవలసిన విషయం. కొత్త పుస్తకం మీద మొదటి విమర్శ పత్రికలో కన్నా ముందు ఆ బల్లల మీద పుట్టేది, విక్రేత దాన్ని విని మరునాడు ఎన్ని ప్రతులు తెప్పించాలో తేల్చుకునేవాడు. రాత్రి చిట్టా, అంటే రోజువారీ జమాఖర్చు రాసి, అందులోని పద్దులను ఆవర్జాలో, అంటే ఒక్కొక్కరి పేర విడిగా ఉండే ఖాతాలో ఎక్కించడంతో రోజు ముగిసేది.

ఏడాదికి కూడా ఒక లయ ఉంది. సంక్రాంతి దాటగానే ఉగాది పంచాంగాల బేరం మొదలవుతుంది. పండుగ వెళ్లిన వారానికి పంచాంగం పొట్లాల కాగితంతో సమానం కనుక ఎన్ని తేవాలో ముందే సరిగ్గా ఊహించాలి. జూన్‌లో బడులు తెరిచినప్పుడు వాచకాలు, నోటు పుస్తకాలు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, భాద్రపదంలో వినాయక వ్రతకల్పం, కార్తికంలో కార్తిక పురాణం. పద్యనాటకాలు ఆడే కాలంలో నాటకాల ప్రతులు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం లక్ష ప్రతులకు పైగా పోయిందన్న ప్రసిద్ధికి కారణం చదువరులు మాత్రమే కారు, ఊరూరా వేషం కట్టినవారంతా ప్రతి కొనుక్కోవడమే. ఈ అమ్మకాలన్నింటిలో విక్రేతకు మిగిలేది కమీషను, అంటే పుస్తకం మీది వెలలో ప్రకాశకుడు వదులుకునే భాగం; నూటికి పాతిక, కాస్త ఎక్కువ కొంటే ముప్పై మూడు అన్నది మామూలు మాట. వాచకాల మీద అది బాగా తక్కువ, కాని సరుకు వారంలో కదులుతుంది. కవిత్వం మీద ఎక్కువే, కాని వెయ్యి ప్రతులు పోవడానికి ఏళ్లు పడుతుంది. గ్రంథాలయ చట్టాలు వచ్చాక, ఆస్తిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు ఒకేసారి పెద్ద ఎత్తున కొనడం విక్రేతకు కొత్త ఊపిరి అయింది. ఆ ఊపిరికి ఒక వెల కూడా ఉంది: పాఠకుడి అభిరుచికి బదులు ఎంపిక కమిటీ అభిరుచి చూసి పుస్తకాలు వేసే ప్రకాశకులు పుట్టుకొచ్చారు, బిల్లులు నెలల తరబడి రాకపోవడంతో అప్పు చేసినవారూ ఉన్నారు.

అంతకుముందు, బ్రిటిషు పాలన నాటి విక్రేత లెక్కలో పోలీసుల రాక కూడా ఉండేది. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల మాలపల్లి 1922లో వెలువడి, మరుసటి ఏడే నిషేధానికి గురై, 1928లో కొన్ని మార్పులతో బయటికి వచ్చి, 1936లో మళ్లీ నిషేధం పాలై, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడ్డాక గాని పూర్తిగా విడుదల కాలేదు. ఇటువంటి పుస్తకాన్ని దుకాణం ముందు పెట్టకుండా, తెలిసిన మనిషికి మాత్రమే లోపలి నుంచి తెచ్చి ఇవ్వాలంటే, ఎవరు ఎటువంటి చదువరో విక్రేతకు తెలిసి ఉండాలి. ఆవర్జాలో అప్పుతో పాటు అభిరుచి కూడా రాసి పెట్టుకున్నంత పని.

రెండు అరల మధ్య దూరం తగ్గించే ప్రయత్నాలు రాజమండ్రిలోనూ మచిలీపట్నంలోనూ జరిగాయి. రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ వంటి సంస్థలు పురాణాలు, కథలు, పాటల పుస్తకాలను పల్లె బజారుకు తగిన వెలలో అచ్చువేశాయి. వెయ్యి నవలల రచయితగా పేరొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు చిన్న నవలలు రైలు ప్రయాణంలో పూర్తయ్యేంత నిడివితో, టీ ఖర్చుకు కాస్త ఎక్కువ ధరతో స్టేషన్లలో పోయాయి. పండితులు వాటిని పుస్తకాలుగా లెక్కించలేదు; విక్రేతలు మాత్రం కొవ్వలితో మొదలుపెట్టినవాడు రెండేళ్లకు బెంగాలీ నవలాకారుడు శరత్ అనువాదం అడుగుతాడని గ్రహించారు. మచిలీపట్నపు ఎం. శేషాచలం అండ్ కంపెనీ పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలే ఎమెస్కో అయ్యాయి. జేబులో పట్టే పాకెట్ పుస్తకాలతో 1960లలో అది మధ్యతరగతి ఇళ్లకు చేరింది. నవలల మీద వచ్చినదాన్ని సంప్రదాయ సాహితి వరుసలో ప్రబంధాల చౌక ప్రతుల మీద పెట్టింది. వావిళ్ళవారు వాచకాలతో చేసిన పనినే ఎమెస్కో నవలలతో చేసిందనవచ్చు. అదే కాలంలో వీధి వీధినా వెలసిన అద్దె పుస్తకాల దుకాణాలు, కొంత బయానా కట్టించుకొని రోజుకు ఇంత అని నవలలను ఇంటికి పంపేవి. యద్దనపూడి, యండమూరి నవలలు అక్కడ కుట్లు ఊడేదాకా తిరిగాయి. అమ్మకాన్ని ఇవి దెబ్బతీశాయన్న ప్రకాశకుల ఫిర్యాదులో నిజం కొంతే, ఎందుకంటే ఒక్కో దుకాణం కొత్త నవలకు రెండు మూడు ప్రతులు ఖాయంగా కొనేది, తెలుగునాట అటువంటి దుకాణాలు ప్రతి పట్టణంలోనూ ఉండేవి. టెలివిజన్ సీరియళ్లు వచ్చాక ముందుగా మూతపడినవి అవే.

రష్యను పుస్తకాలది విడి అధ్యాయం. మాస్కోలోని ప్రగతి, రాదుగ వంటి ప్రచురణాలయాలు ఉప్పల లక్ష్మణరావు వంటివారి అనువాదాలతో గోర్కీని, టాల్‌స్టాయిని, పిల్లల బొమ్మల కథలను, భౌతికశాస్త్రాన్ని తెలుగులో అచ్చువేసి పంపగా, విశాలాంధ్ర దుకాణాలూ సంచార వాహనాలూ వాటిని కాగితం ఖర్చుకన్నా తక్కువ అనిపించే వెలకు అమ్మాయి. ఇక్కడ మొదటి అర అవసరం లేకపోయింది, ఆ ఖర్చు వేరొక దేశపు ఖజానా భరించింది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన వెంటనే ఆ సరుకు నిలిచిపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

నేటి వ్యాపారంలో విక్రేత చదువుకు అన్నిటికన్నా ఎక్కువ వెల పలికేది పాత పుస్తకాల దగ్గర. విజయవాడ లెనిన్ సెంటరులోనూ, ఆదివారాలు హైదరాబాదు ఆబిడ్స్, కోఠి కాలిబాటల మీదా కూర్చునేవారు సరుకును తూకానికి కొని విడిగా అమ్ముతారు. ఒక పండితుడు పోయాక ఇంటివారు కట్టకట్టి పంపిన కాగితాల్లో ఏది 1930ల నాటి భారతి సంచిక, ఏది వావిళ్ళవారి తొలి ముద్రణ, ఏది కేవలం పాతది అన్నది పుట తిప్పి నిర్ణయించగలగడమే వారి లాభం. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవంలో కూడా పాత పుస్తకాల దుకాణాల ముందు గుంపు తక్కువ ఉండదు. ఒకనాడు ఒకటి రెండు రూపాయలకు అమ్మిన రాదుగ బొమ్మల పుస్తకానికి ఇప్పుడు వందలు అడిగే విక్రేత, దాన్ని తన చిన్ననాడు చదివినవాడే అయి ఉంటే బేరంలో రూపాయి కూడా తగ్గడు.